తల్లి సైప్రస్‌ను కదిలించిన ఏడాది

మొక్కలు కొనేవాళ్ళలో రెండు రకాలుంటారని చిన్నమ్మ నమ్మకం. మొక్కకు నీళ్ళు పోసేవాళ్ళు ఒక రకం, మొక్కను చూసేవాళ్ళు ఇంకో రకం. మొదటి రకం వాళ్ళు నర్సరీకి మళ్ళీ మళ్ళీ వస్తారు, ఎందుకంటే వాళ్ళు కొన్నవన్నీ చస్తూ ఉంటాయి. వ్యాపారానికి వాళ్ళే లక్ష్మీదేవులు. అయినా వాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. "మీ ప్రేమ తగలెయ్య, దాని మానాన దాన్ని ఉండనివ్వండి" అని మొహం మీదే అనేది. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటే నొచ్చుకున్నారు, మొక్క బతికితే చాలు.

ఆ నర్సరీలో గులాబీలుండవు, కిటికీలో పెట్టుకునే ముద్దు మొక్కలుండవు. ఉండేవన్నీ సైప్రస్ చెట్లే. కొమ్మల్ని ఒంటికి దగ్గరగా ముడుచుకుని, సన్నగా, నిటారుగా, ఆకాశంలోకి ఎగబాకే చెట్లు. చలి ప్రాంతాల్లో పుట్టిన జాతి అని పేరు గానీ, అడుగున నీరు నిలవకుండా చూసుకుంటే ఎంత ఎండనైనా నెత్తిన పోసుకుంటాయి. ఆ ఎండ ఊళ్ళో వాటిని మోకాలెత్తు నుంచి మేడ ఎత్తు దాకా పెంచి, వేర్లతో సహా లేపి, కొన్నవాళ్ళ వాకిట్లో నిలబెట్టి వచ్చేది ఆ అక్కచెల్లెళ్ళిద్దరే. హోటళ్ళ ముందు బారులు తీరిన చెట్లు, బంగళాల గేట్లకు అటొకటీ ఇటొకటీ నిలబడ్డ జంటలు, ఆస్పత్రి వెనక గోడను కప్పేసిన వరస, అన్నీ వాళ్ళ చేతి మీదుగా వెళ్ళినవే. తెలియనివాళ్ళు వచ్చి "ఇవి సరుగుడు చెట్లేనా?" అని అడిగితే అక్క మొహం చిట్లించుకుని లోపలికి వెళ్ళిపోయేది. చెల్లెలు నవ్వి, "అవి దూరపు చుట్టాలండీ" అనేది. అది నిజమా అబద్ధమా అని ఆమె ఎప్పుడూ కనుక్కోలేదు.

పనివాళ్ళు అక్కను పెద్దమ్మ అనీ చెల్లెల్ని చిన్నమ్మ అనీ పిలిచేవారు. వాళ్ళను చూసి కొనేవాళ్ళూ అలాగే పిలిచేవారు, వాళ్ళకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా. చివరికి బ్యాంకు మేనేజరు కూడా "చిన్నమ్మగారూ, ఇక్కడ సంతకం పెట్టండి" అనేదాకా వచ్చింది. ఆ పిలుపు ఆమెకు బాగానే ఉండేది. చిన్నగా ఉండటంలో ఒక సుఖముంది, తప్పులన్నీ పెద్దవాళ్ళ లెక్కలో పడతాయి.

ఆ చెట్లన్నిటికీ మూలం ఒక్కటే చెట్టు. పెద్దమ్మ భర్త లారీ డ్రైవరు. కొండల మీది ఊరికి సరుకు తోలుకెళ్ళి, తిరిగి వస్తూ నూనె డబ్బాలో పెట్టిన ఒక జానెడు మొక్కను తెచ్చాడు. ఎవరు ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో చెప్పలేదు. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి చూసి, చలి ఊళ్ళో పుట్టింది ఇక్కడ ఎండలో అప్పడంలా మాడిపోతుందని తీర్పు చెప్పి వెళ్ళారు. మరదలు కాబట్టి చిన్నమ్మ ఇంకో మాట ఎక్కువే అంది: "బావా, అక్కకు చీర తెమ్మంటే చీపురు తెచ్చావేంటి?" ఆయన నవ్వి, ఆ చీపుర్ని ఇంటి పక్కన మెరక మీద నాటాడు. మెరక కాబట్టి నీరు నిలవలేదు. ఇంటివాళ్ళు దాన్ని మర్చిపోయారు కాబట్టి ఎవరూ నీళ్ళు పోయలేదు. బతకడానికి దానికి కావలసినవి సరిగ్గా ఆ రెండే.

అది ఇంటి కప్పును దాటిన ఏడాది ఆయన పోయాడు. ఎక్కడో దూరాన, ఘాట్ రోడ్డు మీద లారీ పల్టీ కొట్టింది. అక్కకు తోడుగా కొన్నాళ్ళు ఉందామని చిన్నమ్మ సంచి సర్దుకుని వచ్చింది. ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు. మధ్యలో ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి. ఒకాయన మరీ మర్యాదస్తుడు, పెళ్ళయ్యాక ఈ మట్టి పని మానేస్తావుగా అని మెత్తగా అడిగాడు. ఆలోచించి చెప్తానంది. అక్క ఎప్పుడైనా ఆ మాట ఎత్తితే, "ఇంకా ఆలోచిస్తున్నానక్కా" అనేది. ఆయనకు ఈపాటికి మనవలు పుట్టి ఉంటారు.

పెద్దమ్మ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. ఆ చెట్టు కొసల నుంచి చిన్న కొమ్మ ముక్కలు తుంచి, ఇసుకలో గుచ్చి, నీడలో పెట్టి చూసింది. పదింటిలో ఏ రెండో మూడో వేరు పట్టాయి. వాటిని నేలలో నాటింది. వాటి నుంచి మరికొన్ని. అలా ఇంటి వెనక బీడు నర్సరీ అయింది, పక్కనున్న కౌలు భూమి కూడా నర్సరీలో కలిసింది, ఇంటి పక్కన నిలబడ్డది తల్లి చెట్టయింది.

పనులు ఇద్దరూ పంచుకున్నారని అనలేం, అవే పంచుకున్నాయి. కత్తెర, రంపం, పురికొస అక్కవి. నీళ్ళ గొట్టం చెల్లెలిది. సైప్రస్ కొమ్మలు గాలికి విచ్చుకోకుండా పురికొసతో కింది నుంచి పైదాకా జడ అల్లినట్టు చుట్టి కట్టడంలో అక్క తర్వాతే ఎవరైనా. ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ కత్తెర ఆపాలో కూడా ఆమెకే తెలుసు, ఎందుకంటే ఈ చెట్టు జుట్టు లాంటిది కాదు. ఆకు లేని పాత కొమ్మ దాకా కోస్తే ఇక అక్కడ మళ్ళీ చిగురు వేయదు, ఆ బోడితనం చెట్టు బతికినంత కాలం ఉంటుంది. అందుకే చెట్టుకూ చెట్టుకూ మధ్య మనిషి చేతులు చాచి తిరిగేంత ఎడం వదిలేవారు. ఒకదాన్నొకటి ఆనుకుంటే ఆనుకున్న వైపు ఎండ తగలక మాడుతుంది. అలాంటి చెట్టు బోడి వైపును గోడకు తిప్పి అమ్మేద్దామని చిన్నమ్మ అంటే, పెద్దమ్మ ఒప్పుకునేది కాదు.

నీళ్ళ సంగతి చిన్నమ్మది. ఎండలు ముదిరినప్పుడు ఆకుల్లో సాలీడు జాతి పురుగు చేరి ఆకుల రంగు పీల్చేస్తుంది. అందుకని పొద్దున్నే గొట్టం వేళ్ళతో నొక్కి పట్టి చెట్టంతా జోరుగా కడిగేది. అది స్నానం. తాగడానికి పోసే నీళ్ళు వేరే. దానికి ఆమె పెట్టిన నియమం ఒకటే: ముందు మట్టిలో వేలు పెట్టు, తడి తగిలితే వెనక్కి రా. ఎవరు ఏమన్నా, మబ్బు పట్టినా, ఎండ పేలినా, చెట్టు వాడినట్టు కనిపించినా, వేలు చెప్పిందే మాట. "ఇది దాహంతో చావదండీ, మీ దయతో చస్తుంది" అని కొనేవాళ్ళకు ఎంత చెప్పిందో, ఆ మాట విని విని గేటు దగ్గరి కుక్కకు కూడా కంఠతా వచ్చి ఉంటుంది.

ఇలా సాగిపోతుండగా రోడ్డు వెడల్పు చేసే మనుషులు వచ్చారు. ప్రహరీ మీద, ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో గీతలు గీసి, ఇక్కడి నుంచి ఇటువైపంతా రోడ్డులోకి పోతుందన్నారు. గడువు బాగానే ఇచ్చారు, పరిహారమూ ఇచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. తిట్టుకోవడానికి కూడా వీలు లేకుండా చేశారని చిన్నమ్మ బాధ. ఊరికి అవతల కొత్తగా భూమి దొరికింది. బంకమట్టి నేల, కానీ నీళ్ళున్నాయి, రెండు గదుల ఇల్లూ ఉంది. లేపదగ్గ చెట్లను లేపొచ్చు, మిగతావి అమ్మేయొచ్చు. అన్నీ కుదిరాయి. తల్లి చెట్టు దగ్గరికి వచ్చేసరికి అక్కచెల్లెళ్ళకు చెడింది.

పెద్దమ్మ దాన్ని తీసుకెళ్దామంది. వయసు మళ్ళిన చెట్టు, ఎన్నడూ పార తగలని వేర్లు. అంత చెట్టును కదిలించవద్దని వాళ్ళు ఎంతోమందికి చెప్పి పంపించారు. చిన్నమ్మ అదే చెప్పింది, మామూలుగానే, వంటింట్లో కూర తరుగుతూ.

"వద్దక్కా. అది బతకదు. దాని పిల్లలు ఊరంతా ఉన్నాయి, ఇంకేం కావాలి మనకి?"

"నేను కదిలిస్తే బతుకుతుంది" అంది పెద్దమ్మ.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం ఆవిడ. అక్కడితో ఊరుకుంటే పోయేది. చిన్నమ్మ ఊరుకోలేదు.

"నువ్వు మాట్లాడేది చెట్టు గురించి కాదు కదా. బావ పోయాడక్కా. చెట్టుని భుజాన వేసుకుని తిరిగితే తిరిగిరాడు."

పెద్దమ్మ గుమ్మంలో చెప్పులు వేసుకుని, తల్లి చెట్టు దగ్గరికి వెళ్ళి, చాలాసేపు దాని కింద నిలబడింది. ఆ రోజు నుంచి చెల్లెలితో మాట్లాడటం మానేసింది. చిన్నమ్మకు నాలుక కరుచుకోవాలనిపించింది. కానీ ఆమెకూ పంతం ఉంది, అక్క తోబుట్టువే కదా. తను అన్నది నిజమేగా, నిజానికి క్షమాపణ ఏమిటి అనుకుంది. అలా అనుకోవడం మొదలుపెట్టాక రోజులు వాటంతట అవే పేరుకున్నాయి.

మధ్యలో నలిగింది గుంతల బాబాయి. ఆయన మొదటి నుంచీ వాళ్ళ దగ్గర గుంతలు తవ్వే మనిషి, ఆ పిలుపు తప్ప ఆయనకు ఇంకో పేరుందని అందరూ మర్చిపోయారు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని, ఆయనతో కబుర్లు పంపుకునేవారు. "బాబాయ్, హోటలువాళ్ళ చెట్లకి లారీ రేపు వస్తుందని చెప్పు" అనేది పెద్దమ్మ. బాబాయి ఇటు తిరిగి, "లారీ రేపు వస్తుందంట" అనేవాడు. "సరేనని చెప్పు" అనేది చిన్నమ్మ. ఆయన అటు తిరిగేవాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఈ వయసులో తెలిసొచ్చిందని టీ కొట్టు దగ్గర చెప్పుకునేవాడట. ఒకసారి విసిగిపోయి, "నాకు చెవుడు వచ్చిందమ్మా, ఇక మీరే చూసుకోండి" అన్నాడు. ఇద్దరూ ఆయనకే ఇంకా గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు.

పెద్దమ్మ పని మొదలుపెట్టింది. పని మాత్రం శుభ్రంగా చేసింది, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. మొదటి వానాకాలంలో చెట్టు చుట్టూ సగం మేర కందకం తవ్వించి, అడ్డొచ్చిన వేర్లను పదునైన పారతో నరికించి, మెత్తటి మట్టితో పూడ్పించింది. నరికిన చోట దారాల్లాంటి కొత్త వేర్లు పుడతాయి. తర్వాతి వానాకాలంలో మిగతా సగం. వానలు తెరిపిచ్చాక కొమ్మలన్నిటినీ పురికొసతో చుట్టి బిగించింది. పొద్దుటి ఎండ పడే వైపు కొమ్మకు ఒక పాత గుడ్డ పీలిక కట్టింది. కొత్త చోట కూడా ఆ పీలిక తూర్పుకే ఉండాలి. ఏ వైపు ఎండకు అలవాటు పడ్డ చెట్టును ఆ వైపే నిలబెట్టాలి, లేకపోతే నీడకు అలవాటు పడ్డ ఆకు కాలిపోతుంది.

క్రేన్ వచ్చిన రోజున చూడటానికి వీధి వీధంతా కదిలొచ్చింది. వేర్ల ముద్దను గోనెపట్టాలో చుట్టి, తాళ్ళు వేసి లేపుతుంటే, చెట్టు ఒకసారి మెల్లగా గుండ్రంగా తిరిగి ఆగింది. చిన్నమ్మను ఎవరూ పిలవలేదు. అయినా ఆమె కొత్త చోటికి లారీ వెనకాలే స్కూటరు మీద వెళ్ళింది. దారిలో రైలు గేటు పడి లారీ ఆగితే, దిగి చెట్టు కొస దగ్గరికి నడిచింది. ఇన్నేళ్ళూ ఆ కొసను కింది నుంచి మెడ విరిగేలా చూడటమే తప్ప దగ్గరగా చూసింది లేదు. చేత్తో పట్టుకుంది. చిగుళ్ళు మెత్తగా, చంటిపిల్ల జుట్టంత మెత్తగా ఉన్నాయి. ఇది చావకూడదు దేవుడా అనుకుంది. చస్తుందని చెప్పిన నోరు తనదే, ఇప్పుడది చస్తే తన నోటి మూలానే చచ్చిందని అక్క జీవితాంతం అనుకుంటుంది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఇంట్లో ఎలా ఉంటారో ఆమెకు తోచలేదు.

బంకమట్టి నేల కాబట్టి పెద్దమ్మ అక్కడ ఇసుక, గులకరాళ్ళు కలిపి దిబ్బ పోయించింది. నీరు జారిపోవాలని. చెట్టును ఆ దిబ్బ మీద నిలబెట్టి, మూడు వైపుల నుంచి తాళ్ళు లాగి, గుంజలు దిగ్గొట్టించింది. నాటిన రోజున తన చేతులతోనే కడుపు నిండా నీళ్ళు పోసింది. తర్వాత అందరూ వింటుండగా బాబాయితో అంది, ఈ చెట్టు నీళ్ళ సంగతి తనే చూసుకుంటుందనీ, ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దనీ. ఇంకెవరూ అంటే ఎవరో దిబ్బ మీది చీమకు కూడా అర్థమైంది. నీళ్ళ గొట్టం ఎవరిదో తెలిసి అన్న మాట అది. చిన్నమ్మ గొట్టం చుట్టి కొట్టంలో పెట్టి, ఆ పూట భోజనం చేయలేదు.

చలి రోజులు గడిచి ఎండలు వచ్చాయి. మధ్యాహ్నం ఎండ దిబ్బ మీద పేలిపోతుంటే, చెట్టు కొస ఒక పక్కకు కొంచెం వంగినట్టుందని చిన్నమ్మకు అనిపించింది. ఆకు పచ్చదనంలో మెరుపు తగ్గిందనిపించింది. తగ్గిందో లేదో దేవుడికెరుక. అక్క మొండి మనిషి, నియమం అంటే నియమమే అనే రకం, చుక్క నీళ్ళు పోయకుండా ఎండగడుతోందని ఆమె తీర్మానించుకుంది. బాబాయితో కబురు పెడదామని అనుకుని మానేసింది. ఏమని పెట్టాలి? చెయ్యి పెట్టొద్దన్న మనిషికి సలహా చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే.

భోజనమయ్యాక పెద్దమ్మ ఒక కునుకు తీస్తుంది. ఆ వేళ చూసి చిన్నమ్మ బిందెతో నీళ్ళు మోసుకెళ్ళి చెట్టు మొదట్లో పోసింది. గొట్టం లాగితే చప్పుడవుతుందని బిందె. పోశాక తడి కనిపించకుండా పైన పొడి ఇసుక చల్లి, చీపురు కట్టతో సమంగా సర్దింది. మర్నాడు మళ్ళీ పోసింది. దొంగతనానికి వెళ్ళినట్టు గుండె కొట్టుకునేది గానీ, తిరిగి వస్తుంటే మనసు తేలిగ్గా ఉండేది. చెట్టు కోసం ఏదో చేస్తున్నానన్న తృప్తి ఉందే, అది మహా చెడ్డది. ఊరందరికీ ఆ సంగతి బోధించిన మనిషికి అది తన ఒంట్లోకి ఎక్కుతున్నప్పుడు తెలియలేదు.

ఇంతకీ వేలు ఏమైంది అని అడగాలి. వేలు చేతికే ఉంది. మట్టిలో పెట్టలేదు, అంతే. పెట్టి ఉంటే కథ వేరుగా ఉండేది. అక్క నీళ్ళు పోయడం లేదని ముందే తీర్పు చెప్పేసుకున్నాక, ఇక మట్టిని అడిగేదేముంది? అక్క మీద కోపం, చెట్టు మీద భయం, రెండూ కలిసి ఆమె చేత బిందె మోయించాయి.

ఆ ఎండల్లో చెట్టు పచ్చగానే ఉంది. పాత వీధి నుంచి వచ్చినవాళ్ళు చూసి, ఎంత హస్తవాసి పెద్దమ్మగారూ, ఇంత చెట్టును బతికించారు అని పొగిడి వెళ్ళేవారు. పెద్దమ్మ నవ్వేది కాదు గానీ ఆ రోజు కూరలో ఉప్పు సరిపోయేది. చిన్నమ్మకు లోలోపల గర్వంగా ఉండేది, తన బిందె సంగతి ఎవరికీ తెలియకపోయినా. తను ఓడిపోతున్నందుకు ఇంత సంతోషపడటం ఆమెకే వింతగా అనిపించేది. అక్క గెలిస్తే ఒకరోజు మాట్లాడుతుంది. "చూశావుటే" అని దెప్పడానికైనా నోరు తెరుస్తుంది. చాలు, అదే చాలు.

ఇక్కడ సైప్రస్ గురించి ఒక మాట చెప్పాలి. మామూలు చెట్టు చావబోతే ఆకు రాలుస్తుంది, పసుపెక్కుతుంది, నలుగురికీ తెలిసేలా చస్తుంది. ఇది అలా కాదు. వేర్లు కుళ్ళిపోయి, లోపల ప్రాణం పోయాక కూడా నెలల తరబడి పచ్చగా నిలబడి ఉంటుంది. బయటికి తెలిసేసరికి చేయడానికి ఏమీ ఉండదు. ఈ సంగతి అక్కకూ తెలుసు, చెల్లెలికీ తెలుసు. తెలిసినా, పచ్చగా ఉంది కాబట్టి బాగానే ఉందని ఇద్దరూ సరిపెట్టుకున్నారు.

ఒకనాడు సాయంత్రం ఈదురుగాలి కొట్టి ఒక తాడు వదులైంది. పొద్దున్నే బాబాయి గునపం తీసుకుని కొత్త గుంజ కోసం దిబ్బ అంచున గుంత తవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆయన కేక విని చిన్నమ్మ కొట్టంలోంచి, పెద్దమ్మ ఇంట్లోంచి వచ్చారు. వాన పడి చాలా రోజులైంది. అయినా గుంతలో నీళ్ళు ఊరుతున్నాయి. మట్టి నల్లగా, మురిక్కాలవ వాసన వేస్తోంది. దిబ్బకు పోసిన ఇసుక, గులకరాళ్ళు నీళ్ళను దింపాయి గానీ, కింద బంకమట్టి వాటిని కదలనివ్వలేదు. వేర్ల ముద్ద అడుగంతా పెద్ద తొట్టిలో నానినట్టు నానుతూ ఉంది. పెద్దమ్మ వంగి, మట్టిలో చెయ్యి పెట్టి, ఒక వేరు బయటికి లాగింది. పై తొక్క తడిసిన కాగితంలా ఊడి చేతికి వచ్చింది.

"ఎవరమ్మా ఇన్ని నీళ్ళు పోసింది?" అన్నాడు బాబాయి.

చిన్నమ్మకు దాచడానికి ఏమీ మిగల్లేదు.

"నేనే" అంది. "మధ్యాహ్నం పూట, అక్క పడుకున్నాక. రోజూ ఒక బిందె."

తిట్లు పడతాయని తల వంచుకుంది. తిట్టినా బాగుండును, కొట్టినా బాగుండును అనుకుంది. కానీ పెద్దమ్మ మొహంలో కోపం రాలేదు. ఏదో లెక్క తేలక తికమకపడుతున్నట్టు చూసింది. చూసింది బాబాయి వంక కాదు.

"నువ్వెందుకు పోశావే?" అంది. "నేను రోజూ తెల్లారేసరికి పోస్తూనే ఉన్నానుగా?"

బాబాయి గునపం పక్కన పెట్టి, చెప్పకుండానే గేటు వైపు వెళ్ళిపోయాడు. కబుర్లు మోసే పని ఆ క్షణాన పోయిందని ఆయనకు అర్థమైంది.

అక్కచెల్లెళ్ళు దిబ్బ అంచున కూర్చున్నారు. మెల్లమెల్లగా ఒక్కొక్కటీ బయటికి వచ్చింది. పెద్దమ్మ కూడా వేలు పెట్టి చూడలేదు. ఆమె కూడా చెల్లెలు లేచే లోపల బిందెతో మోసి పోసింది, వేలి నియమం తను తప్పుతోందని చెల్లెలికి తెలియకూడదని. ఆమె కూడా పైన పొడి ఇసుక చల్లింది. ఒకళ్ళు చల్లిన పొడి ఇసుక ఇంకొకళ్ళ కళ్ళు కప్పింది. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. పంతం పట్టిన ఇద్దరు ఆడవాళ్ళు చెట్టుకు రెండు పూటలా పీకలదాకా నీళ్ళు పట్టారు. వాళ్ళలో ఏ ఒక్కరైనా ఒక్క మాట మాట్లాడి ఉంటే ఆ చెట్టు బతికేదే. అది వాళ్ళిద్దరికీ తెలుసు కాబట్టి ఎవరూ అనలేదు.

"చస్తుందని అన్నది నువ్వే కదా" అంది పెద్దమ్మ చివరికి. "మరి నీకెందుకు ఆ బిందె?"

చిన్నమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "చస్తే నా మాట వల్లే చచ్చిందనుకుంటావని. నువ్వే గెలవాలని పోశానక్కా" అంది.

పెద్దమ్మ నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు.

"నేను నీ మీద గెలవాలని పోశాను. పచ్చగా నిలబెట్టి నీకు చూపించాలని. ఆయన గుర్తే రాలేదు, ఈ ఎండాకాలమంతా. నువ్వే గుర్తొచ్చేదానివి, ప్రతి బిందెకీ."

వాళ్ళ వెనకాల చెట్టు గాలికి ఊగుతోంది. గేటు ముందు సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి, చెట్టును పైనుంచి కిందిదాకా చూసి, చాలా బావుందన్నట్టు తలాడించి వెళ్ళాడు. చిన్నమ్మకు ఏడుపు ఆగలేదు. కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, చేయవలసిన పని గురించి మాట్లాడింది. ఎలాగూ పోయిన చెట్టు, మాడి ఎర్రబారి అందరూ అయ్యో అనే దాకా ఉంచడం ఎందుకు, ఈ వారంలోనే కోసేద్దామంది. రోజూ గుమ్మంలోంచి దాన్ని చూస్తూ అక్క తిరగడం తను చూడలేనంది. రంపం తనే పడతానంది.

పెద్దమ్మ చేతికంటిన నల్ల మట్టిని గడ్డికి రాసుకుంది.

"మీ బావ పోయిన కబురు మనకి ఎప్పుడు వచ్చింది?" అని అడిగింది.

చిన్నమ్మకు గుర్తుంది. లారీ లోయలో పడితే దొరకడానికే ఆలస్యమైంది. కబురు వచ్చేసరికి ఆయన పోయి కొన్నాళ్ళయింది.

"ఆ కొన్నాళ్ళూ నేను ఆయనకి పళ్ళెం పెడుతూనే ఉన్నా" అంది పెద్దమ్మ. "బట్టలు ఉతికి ఆరేశా. ఆలస్యంగా వస్తున్నాడని తిట్టుకున్నా కూడా. ఆయన లేడని తెలియకుండా ఆ రోజులన్నీ మామూలుగా గడిపేశానే. ఇన్నేళ్ళూ నన్ను తిన్నది అదే, ఆయన పోవడం కాదు."

ఆమె లేచి చీర దులుపుకుంది. చెట్టు వంక చూసి, తర్వాత చెల్లెలి వంక చూసి, లేవడానికి చెయ్యి అందించింది.

"కొయ్యొద్దు. పచ్చగా ఉన్నన్నాళ్ళు ఉండనీ. అప్పుడు తెలియక ఉన్నాను. ఈసారి తెలిసి ఉంటాను, నువ్వు కూడా ఉండు."